దిబ్బరొట్టి అడుగు మాడుతోంది, నడుమ పచ్చిగా ఉంటోంది. ఏం చేయాలి?

శనివారం మూకుడు:

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర, ఉంటున్నది హైదరాబాద్ నిజాంపేటలో. ఇంట్లో ఆరుగురం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, తొమ్మిదో తరగతి అమ్మాయి, మూడో తరగతి పిల్లాడు. పొద్దున్న ఐదున్నరకి లేస్తే ఎనిమిదిలోపు నాలుగు క్యారేజీలు సర్దాలి. మామగారికి షుగరూ బీపీ, ఆయనకి ఉప్పు తగ్గించి కూర వేరే. మా వాడి లెక్కలో బెండకాయ వేపుడు తప్ప ఇంకేదీ కూర కాదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర. వంటంటే విసుగు లేదు కానీ, తీరిగ్గా వండి ఎన్నాళ్ళయిందో. కుక్కర్ మూడు కూతలు, ఒక పోపు, దింపెయ్యడం.

వారం మొత్తంలో నాకంటూ ఉన్న సరదా శనివారం రాత్రి దిబ్బరొట్టి. ఇడ్లీలకి రుబ్బిన పిండిలో మిగిలింది మా అమ్మమ్మ ఇచ్చిన ఇనప మూకుట్లో పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద వదిలేస్తాను. దాన్ని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు. సెగ పెంచితే మాడుతుంది, ముందే అట్లకాడ పెడితే విరుగుతుంది. కాబట్టి ఆ ఇరవై నిమిషాలు నేను పొయ్యి దగ్గర ఊరికే నిలబడాలి. ఎవరు పిలిచినా "రొట్టి పొయ్యి మీదుంది" అంటాను. ఇంక ఎవరూ మాట్లాడరు! కిటికీలోంచి చూస్తే ఎదురు అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఆరేసిన బట్టలు తప్ప ఏం కనబడవు, అయినా బాగుంటుంది. మూకుడు పళ్ళెంలో బోర్లించగానే పెచ్చు కోసం కొట్లాట. ఎర్రగా కాలిన ఆ పెచ్చుకి ఆవకాయ ఊట అద్దుకుంటే... సరే, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండు నెలల క్రితం ఇల్లు మారాం. కొత్త స్టవ్ మంట సిమ్‌లో పెట్టినా నడిమధ్యనే పొడుస్తుంది. ఆ సర్దుడు హడావిడిలో ఎవరో మూకుడుని సబ్బుతో తోమి తడిగానే బోర్లించారు (ఎవరో నాకు తెలుసు, ఇప్పుడు ఆ గొడవెందుకు). తుప్పు పట్టింది. పీచుతో గట్టిగా తోమాను కానీ అప్పట్నుంచి పిండి అంటుకుపోతోంది. నాలుగు శనివారాలుగా అడుగు బొగ్గు, నడుమ పచ్చిపిండి. పోయిన వారం మా వాడు మూకుడు వంక చూసి "అమ్మా, నూడుల్స్ చేసెయ్" అన్నాడు.

నాన్‌స్టిక్‌లో వెయ్యమని మా ఆడపడుచు చెప్పింది. వేశాను, వచ్చింది కూడా. తెల్లగా, మెత్తగా, పెద్ద ఇడ్లీలాగా. నాకు కావలసింది అది కాదు.

మూకుడుని మళ్ళీ దారికి తెచ్చుకోవడం ఎలాగో తెలిసినవాళ్ళు చెప్పండి. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి వంట ఏదైనా ఉంటే రాయండి.

గోదారి గట్టు:

అమ్మాయీ, నాకు అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పటికీ వారానికోసారి వేస్తాను. ముందు మూకుడు సంగతి. చింతపండు, కళ్ళుప్పు కలిపి తుప్పు పోయేదాకా రుద్ది కడుగు. గుడ్డతో తుడిచి ఊరుకోకుండా పొయ్యి మీద పెట్టి చెమ్మంతా ఆరనియ్యి. నూనె పల్చగా రాసి లేత పొగ వచ్చేదాకా కాచి దింపు. చల్లారాక మళ్ళీ రాయి, మళ్ళీ కాచు. మూడు నాలుగు సార్లకి నల్లగా నిగనిగలాడుతుంది. ఆ తర్వాత ఓ వారం అందులో వేపుళ్ళే చెయ్యి, పులుసు జోలికి పోకు.

ఇక నడుమ పచ్చి ఎందుకంటే, పిండి ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోస్తున్నావేమో చూసుకో. చల్లటి పిండికి లోపలిదాకా వేడి ఎక్కేలోపు అడుగు మాడిపోతుంది. గంట ముందే బయట పెట్టు. మా చిన్నప్పుడు కుంపటి మీద వేసి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కింద సెగ, పైన సెగ. అందుకే అంత మందాన ఉన్నా ఉడికేది. గ్యాస్ మీద పైసెగ లేదు కాబట్టి మందం కాస్త తగ్గించుకోవాలి. నీ కొత్త స్టవ్‌కి ఉపాయం ఏమిటంటే, కింద పాత దోసెల పెనం పెట్టి దాని మీద మూకుడు పెట్టు. మంట నేరుగా తగలదు.

గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, గట్టిగా ఉండాలి. మూకుట్లో నూనె మూడు గరిటెలు పొయ్యి, పిసినారితనం వద్దు. పైన తడి ఆరి, అంచులు వాటంతటవే మూకుడుని వదిలితే అప్పుడు తిరగెయ్యి.

కరీంనగర్ పిల్ల:

అక్కా, మా దగ్గర ఇదే కథ సర్వపిండితోని. కొన్ని ఊళ్ళల్ల గిన్నప్ప అంటరు, తపాలచెక్క అంటరు. బియ్యప్పిండిల నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి తడిపి, సర్వ లోపల చేత్తోని ఒత్తి, వేలితోని చిల్లులు పెట్టి, చిల్లు చిల్లుకు ఇంత నూనె పోసుడు. ఒకటి అయినంక వేడి సర్వల ఇంకోటి ఒత్తరాదు కద, చల్లారేదాక ఆగాలె. అమ్మ ఆ సర్వను నీళ్ళల్ల పెడితే సుయ్యిమంటది. ఆ చప్పుడు వినబడితే మేం పుస్తకాలు ఇడిచిపెట్టి ఉరికేటోళ్ళం. నేను ఇప్పుడు రెండు గిన్నెలు పెట్టుకున్న, పని తొందరగా అయితుంది కానీ ఆ సుయ్యి లేదు. మీరు చెప్పిన ఇరవై నిమిషాల సంగతి చదివినంక రెండో గిన్నె లోపల పెట్టాల్నా అని ఆలోచిస్తున్న.

అమృతాంజనం:

ఒక్క మాట అంటాను, ఏమనుకోవద్దు. వారమంతా వంటింట్లోనే, సరదా కూడా వంటింట్లోనేనా? ఆ ఇరవై నిమిషాలు మంచమెక్కి పడుకోండి. ఆ రొట్టేదో మీవారిని వెయ్యమనండి. తుప్పు పట్టిన మూకుడు కోసం ఇంత టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాలేదు.

శనివారం మూకుడు:

అమృతాంజనం గారూ, మీరన్నదీ నిజమే. పిండి రుబ్బడం, గ్రైండర్ కడగడం మా ఆయనే చేస్తారు, అది మాత్రం చెప్పాలి. కానీ మంచమెక్కితే ఫోనూ ఎక్కుతుంది, ఆఫీసు గ్రూపూ ఎక్కుతుంది. పొయ్యి దగ్గర నిలబడితేనే నన్ను ఎవరూ ఏమీ అడగరు, ఏం చెయ్యను చెప్పండి.

గట్టు గారూ, పిండి సంగతి మీరు చూసినట్టే చెప్పారు. ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా పోసేదాన్ని. పాత ఇంట్లో చిన్న బర్నర్ కాబట్టి నెట్టుకొచ్చినట్టున్నాను. మూకుడు నాలుగుసార్లు కాచాను, వంటిల్లంతా పొగ, అత్తగారు దగ్గుకుంటూ వచ్చి "మా అమ్మ కూడా ఇలాగే చేసేది" అని పక్కన స్టూలు వేసుకుని కూచున్నారు. నిన్న పెనం మీద పెట్టి వేశాను. నడుమ ఇంకా కాస్త తడిగానే ఉంది. అడుగు మాత్రం ఎక్కడా అంటుకోకుండా వచ్చింది. పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేసరికి పెచ్చు లేదు, నేనూ అత్తగారూ నిలబడే తినేశాం. ఊళ్ళో అయితే దీన్లోకి చెరుకు పానకం ఉండేది. కూకట్‌పల్లి వైపు మంచి పానకం ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?

గోదారి గట్టు:

దొరక్కపోతే బెల్లంలో కాసిని నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి, వేలికి జిగురు తగిలేదాకా కాచి దింపెయ్యి. తీగపాకం రానీయకు, తెల్లారేసరికి గట్టిపడుతుంది. నడుమ తడికి ఈసారి మూత అంచున గుడ్డ చుట్టి చూడు, ఆవిరి నీరై రొట్టి మీద పడకుండా ఉంటుంది. గుడ్డ కొస మంటకి తగలకుండా పైకి మడుచుకో.