మోకాళ్ల నొప్పుల అమ్మ, మూడేళ్ల బాబుతో అండమాన్: ఈ ప్లాన్ కుదురుతుందా?

కాలువగట్టు:
డిసెంబరు చివర్లో అండమాన్ అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. ఏజెంటు ఇచ్చిన ప్లాన్ ఇదీ: మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, రెండో రోజు బారాటాంగ్ గుహలు, మూడు హేవ్‌లాక్ దీవి, నాలుగు నీల్ దీవి, ఐదో రోజు పొద్దున ఫెర్రీలో తిరిగొచ్చి మధ్యాహ్నం విమానం. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఫొటోలు చాలానే చూశాను.

నీలికెరటం:
కళ్లు మూసుకుని బుక్ చేసేయండన్నా! మేం ఫ్రెండ్స్‌తో ఇంచుమించు ఇలాగే తిరిగాం. హేవ్‌లాక్‌లో స్కూబా (గాలి సిలిండరు తగిలించుకుని సముద్రంలో మునగడం) మాత్రం వదలొద్దు.

మామిడితాండ్ర:
ఫ్రెండ్స్‌తో వెళ్లడం వేరు, అత్తగారితో వెళ్లడం వేరు తమ్ముడూ. మేం పిల్లల్నీ మా అత్తయ్యగారినీ తీసుకెళ్లాం కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా.

ముందు బారాటాంగ్ కొట్టేయండి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి జరవా ఆదివాసుల రిజర్వు అడవి గుండా బళ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్లాలి. దారిలో ఆపకూడదు, ఫొటో తీయకూడదు. పొద్దుటి కాన్వాయ్ అందాలంటే తెల్లవారుజామున మూడు, నాలుగింటికే బయల్దేరాలి. మీ బాబు ఒంటేలన్నా బండి ఆగదు. అక్కడ దిగాక పడవ, ఆ పైన గుహదాకా కిలోమీటరు పైనే నడక. మీ అమ్మగారి మోకాళ్లకి ఇదేం శిక్ష?

ఇక ఫెర్రీ. మేం ఎక్కిన రోజు గాలి బాగా ఉంది. ఏసీ పడవ, అద్దాలు బిగించేసి ఉన్నాయి. కాసేపటికే ముందు వరసలో ఒకరు మొదలెట్టారు, అంతే, వరసగా అందరికీ కడుపులో దేవడం మొదలైంది. మా అత్తయ్యగారు ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నారు. దిగి చూసుకుంటే గోళ్ల గుర్తులు. "తిరుగు ప్రయాణం విమానంలో అయితేనే వస్తాను" అని ససేమిరా అన్నారు. హేవ్‌లాక్‌లో విమానాశ్రయమే లేదని చెప్పే ధైర్యం మా ఆయనకి సాయంత్రందాకా రాలేదు. వాంతి మాత్ర ఎక్కే ముందే వేయాలి, మొదలయ్యాక వేసి లాభం లేదు. బాబుకి ఎంత ఇవ్వాలో డాక్టర్ని అడగండి. సీటు కింది డెక్కులో మధ్యలో తీసుకోండి, ఊపు తక్కువ.

అదే మనిషి రాధానగర్ బీచ్‌లో చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, నీళ్లలోనే చతికిలబడి, కెరటం వచ్చినప్పుడల్లా మా చిన్నదాంతో పోటీగా కేకలు! అక్కడ కాళ్లకింద మెత్తటి ఇసుకే, పగడపు రాళ్లు కోసుకోవు. లేవమంటే లేవరు. కాకపోతే అక్కడికి నాలుగింటికి చేరేలా ఏజెంట్లు ప్లాన్ వేస్తారు, అది శుద్ధ దండగ. దీవులు మనకి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే, డిసెంబరులో ఐదింటికల్లా పొద్దు కుంకుతుంది. మధ్యాహ్నమే వెళ్లండి. చీకటి పడుతుంటే ఇసుకలోని పురుగులు కుడతాయి. కనబడవు గానీ దురద మాత్రం ఇంటిదాకా వస్తుంది.

నీల్‌లో రాతి వంతెన దగ్గరికి పోటు తగ్గినప్పుడే వెళ్లగలం, అదీ నాచు పట్టిన రాళ్ల మీద. అమ్మగారికి వద్దు. భరత్‌పూర్‌లో అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించండి, చాలు.

పిల్లల జేబులు ముందే వెతకండి. పగడపు ముక్కలు తీసుకురాకూడదు, విమానాశ్రయంలో తీయించేస్తారు. మా చిన్నది సాక్సులో దాచింది! అక్కడ పెట్టిన ఏడుపుకి క్యూ అంతా మావైపే చూసింది.

అన్నిటికన్నా ముఖ్యం, ఐదో రోజు ఫెర్రీ, విమానం రెండూ పెట్టుకోవద్దు. గాలి ఎక్కువైతే ఫెర్రీ రద్దు చేస్తారు. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి.

నీలికెరటం:
అక్కా, అంత దూరం వెళ్లి అన్నీ కొట్టేస్తే ఇంక చూసేదేముంది?

మామిడితాండ్ర:
నాకైతే హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు కదలకుండా ఉండటమే బావుంది. సామాన్లు సర్దడం, విప్పడం ఎవరు చేస్తారో మీ ఇంట్లో ఆడవాళ్లని ఓసారి అడుగు నాయనా.

ఉప్పునీరు:
స్కూబా సంగతి. పదేళ్లు నిండని పిల్లల్ని మామూలుగా దింపరు, పాపకి స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటిపైనే తేలుతూ చూడటం) చాలు. పెద్దవాళ్లు చేస్తే విమానం ఎక్కేలోపు కనీసం 18 గంటలు ఆగడం మంచిది. రక్తంలో కరిగిన నైట్రోజన్ పైన పీడనం తగ్గినప్పుడు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఇంకోటి, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టికెట్ మీద ఈ పేర్లుంటే కంగారు పడకండి.

కాలువగట్టు:
అందరికీ థాంక్స్. బారాటాంగ్ తీసేయించాను, నీల్ పొద్దున వెళ్లి సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్ చేరేలా మార్పించాను. ఫెర్రీ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు. సెల్యులార్ జైల్లో మెట్లు ఎక్కాలా?

మామిడితాండ్ర:
పై అంతస్తుకీ మేడమీదికీ అయితే ఎక్కాలి. కింది ఖైదీల గదులు, ఉరికంబం గది, మ్యూజియం మెట్ల గొడవ లేకుండా చూడొచ్చు. రాత్రి లైట్ అండ్ సౌండ్ షో కూర్చునే చూస్తారు, ఏ భాషలోదో కనుక్కుని టికెట్ తీయండి. అమ్మగారికి ఫెర్రీ గురించి ఇప్పుడే చెప్పేయండి బాబూ, జెట్టీ దగ్గర చెప్తే ఇంకా కష్టం.