ముందుమాట రాసినాయన కూడా పాత్రేనట! ఉనామునో ‘నియెబ్లా’ని ఎలా చదవాలి?

సగంపేజీ:

స్పానిష్ రచయిత మిగెల్ దె ఉనామునో రాసిన ‘నియెబ్లా’ (అంటే పొగమంచు, 1914) ఇంగ్లీషు అనువాదంలో చదువుతూ 17వ అధ్యాయం దగ్గర ఆగాను. విసుగొచ్చి కాదు, అనుమానమొచ్చి.

పుస్తకం మొదట్లో విక్తోర్ గోతి అనే ఆయన ముందుమాట ఉంది. నేను ముందుమాటలు బుద్ధిగా చదివే రకాన్ని. పెన్సిల్ పట్టుకుని గీతలు కూడా పెట్టుకున్నాను. మామూలుగా పేరున్నవాళ్ళు పేరులేనివాళ్ళని పరిచయం చేస్తారు, ఇక్కడేమో తిరగబడింది అని ఆయనే చెప్పుకున్నాడు. పాపం వినయం అనుకున్నా. దాని వెనకే ఉనామునో ఇంకో చిన్న ముక్క రాసి, ‘ఈ గోతి జాగ్రత్తగా ఉండకపోతే ఇతని స్నేహితుడికి పట్టించిన గతే ఇతనికీ పట్టిస్తాను’ అన్న ధోరణిలో బెదిరించాడు. ఏవో పాత కక్షలు కాబోలు అనుకుని అక్కడా ఓ గీత పెట్టాను.

తీరా 3వ అధ్యాయానికొచ్చేసరికి ఈ గోతి కథానాయకుడితో కూర్చుని చదరంగం ఆడుతున్నాడు! పేరే గోతి. పడాల్సిందే, పడ్డాను.

ఇప్పుడు 17లో అదే గోతి, తానో నవల రాస్తున్నానని, దానికి కథంటూ ఏమీ లేదని, మనుషులు మాట్లాడుకుంటూ పోవడమేనని, ఎవరైనా ఇది నవల కాదంటే సరే, ‘నివోలా’ అంటానని చెబుతున్నాడు. అంటే నా చేతిలో ఉన్న పుస్తకమే అతను రాస్తున్నాడా? నాయకుడు ఔగుస్తో చనిపోతాడని ముందుమాటలోనే తెలిసిపోయింది. ఇంకేం మిగిలింది? దీనికేమైనా తాళంచెవి ఉందా? తత్త్వశాస్త్రం చదువుకుని రావాలా? బాగా నవ్వొచ్చే పుస్తకం అని విని మొదలుపెట్టాను. నాకేమో పరీక్ష రాస్తున్నట్టుంది.

మూసినగొడుగు:

ముందు ఆ పెన్సిల్ కింద పెట్టండి.

నేనూ మొదటిసారి మీలాగే చదివాను. ఏది నిజం, ఏది కల్పితం అని కాగితం మీద పట్టిక కూడా గీశాను. గోతి కల్పితం, ఉనామునో నిజం, ఆయనుండే ఊరు సాలమాంకా నిజం... 30వ అధ్యాయం దాకా ఆ పట్టిక బాగానే పనిచేసింది. తర్వాత ఎందుకు చింపేశానో ఇప్పుడు చెప్పను.

రెండోసారి పైకి చదివాను, గొంతెత్తి. అప్పుడు తెలిసింది ఇదెంత అల్లరి పుస్తకమో. మొదటి పేజీకి వెళ్ళండి. ఔగుస్తో పేరెస్ గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపుతాడు. ఏదో మహాపురుషుడి భంగిమ అనుకుంటాం. వానపడుతోందా లేదా అని చూసుకుంటున్నాడంతే. సన్నటి తుంపర చేతికి తగలగానే ముఖం చిట్లిస్తాడు. చలికి కాదు, గొడుగు విప్పాల్సొస్తుందని! మూసిన గొడుగు ఎంత అందంగా ఉంటుంది, విప్పితే ఎంత వికారంగా ఉంటుంది అని ఆయన బాధ. ఆ తర్వాత కుడివైపు వెళ్ళాలా ఎడమవైపా తేలక, ఏదైనా కుక్క వస్తే దాని వెనకాలే పోదామని నిలబడతాడు. కుక్క రాలేదు, ఓ అమ్మాయి వచ్చింది. ఆమె వెంట పోయాడు. ప్రేమకథ అలా మొదలైంది. అక్కడ తత్త్వం వెతికేవాళ్ళు వెతుక్కోవచ్చు, నేను మాత్రం పొట్ట పట్టుకున్నాను.

అమ్మాయి ఇంటి కాపలామనిషిని పేరు అడుగుతాడు. యుహేనియా దొమింగో దెల్ ఆర్కో అని చెబుతుంది. మనవాడు వెంటనే, ‘దొమింగోనా? దొమింగా అవ్వాలిగా!’ అంటాడు. స్పానిష్‌లో ‘ఓ’తో ముగిసే మాటలు చాలావరకు పుంలింగాలు, ‘ఆ’తో ముగిసేవి స్త్రీలింగాలు. ఇంటిపేరుకి ఆ నియమం వర్తించదని కాపలామనిషికి తెలుసు, చదువుకున్న ఈయనకి పట్టదు. మనసు పారేసుకున్న క్షణంలో వ్యాకరణం సవరిస్తున్నాడు! పైగా ఆమెనే తలుచుకుంటూ నడుస్తాడు, ఎదురుగా ఆమే వచ్చి పక్కనుంచి వెళ్ళిపోయినా చూడడు. పుస్తకం పేరు ‘పొగమంచు’ ఎందుకయిందో నాకు అక్కడే తెలిసింది. తర్వాత మంచు గురించి ఔగుస్తో చెప్పుకునే పెద్దపెద్ద మాటల్లో కాదు.

‘నివోలా’ సంగతి. స్పానిష్‌లో నవలని ‘నొవేలా’ అంటారు. అచ్చులు మార్చేస్తే నివోలా. మన భాషలో చెయ్యాలంటే ‘నవల కాదండీ, నెవల’ అనాలేమో. గోతి దానికి ఓ పిట్టకథ కూడా చెబుతాడు, గుర్తుందా? కవి మాన్యుయెల్ మచాదో ఓ సానెట్‌ని (పద్నాలుగు పాదాల పద్యం, స్పానిష్‌లో ‘సొనేతో’), పాదానికి ఉండాల్సినదానికంటే పొడుగ్గా రాసి పండితుడు ఎదువార్దో బెనోత్‌కి వినిపిస్తాడు. ‘ఇది సొనేతో కాదే’ అంటాడు బెనోత్. ‘కాదండీ, సొనీతే’ అంటాడు మచాదో. గణాలు తప్పిన సీసపద్యం పట్టుకెళ్ళి, ‘ఇది సీసం కాదే’ అని పండితుడంటే ‘కాదండీ, సీసా’ అన్నట్టు. ఇదే పుస్తకానికి తాళంచెవి అంటే కాదనను. మీ నియమాలతో నన్ను కొలవకండి, నా పేరే వేరు అంటున్నాడు. ఆ మాత్రం కొంటెతనాన్ని అలాగే పుచ్చుకుంటే చాలు.

ఇంకో సరదా. 13వ అధ్యాయంలో ఔగుస్తోకి చర్చిలో దోన్ అవీతో కర్రస్కాల్ కనిపిస్తాడు చూడండి, ఆయన ఉనామునో 1902లో రాసిన ఇంకో నవలలోంచి నడుచుకుంటూ వచ్చాడు. అక్కడి కష్టాలన్నీ మోసుకునే వచ్చాడు పాపం.

ఇక 25వ అధ్యాయం చివర నాలుగు వాక్యాలు ఉంటాయి, కంగారుగా దాటెయ్యకండి. ఔగుస్తో, గోతి మాట్లాడుకుంటుంటే రచయిత తెర పక్కనుంచి తొంగిచూసి నవ్వుతాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకుని 31కి వెళ్ళండి. చావు ముందే తెలిసిపోయిందన్నారు కదా. తెలిసింది ఫలితమే, ఆట కాదు.

ఇస్త్రీపెట్టె:

పైన గొడుగుగారు అంతా నవ్వే అన్నట్టు రాశారు. నాకు అంత నవ్వు రాలేదండీ.

ఔగుస్తో మంచివాడే. కానీ యుహేనియాని అడక్కుండా ఆమె ఇంటి తాకట్టు విడిపిస్తాడు. ఆమె మండిపడుతుంది, నన్ను కొనుక్కుందామనుకుంటున్నావా అని. పియానో పాఠాలు చెప్పుకుని బతుకుతోంది, ఆ సంగీతమంటేనే ఆమెకి అసహ్యం. ఆ ఒక్క వివరంతో నాకు ఆమె ఔగుస్తో కంటే దగ్గరైంది. చివర్లో ఆమె చేసేది మోసమే, కాదనను. ఇక ఇస్త్రీబట్టలు తెచ్చే రొసారియో సంగతో? ఆడవాళ్ళ మనసు మీద ప్రయోగాలు చేస్తానని బయల్దేరతాడు ఈయన, ప్రయోగానికి దొరికింది ఆ పిల్ల. తీరా ఇంకొకరి ప్రయోగంలో కప్ప తానేనని తెలిసి గోలపెడతాడు. అప్పుడు మాత్రం నాకూ నవ్వొచ్చింది, కాస్త కసిగా.

సగంపేజీగారూ, మీరు అనుమానించడం తప్పేమీ కాదు. ఈ ఆటలో అందరూ పాత్రలేనన్నది నిజమే. కానీ ఔగుస్తోకి రచయిత దగ్గరికెళ్ళి నిలదీసే అవకాశం దొరికింది, రొసారియోకి దొరకలేదు. నేను రెండోసారి చదివింది ఆమె కోసమే.

పపర్రిగోపులోస్ అనే పండితుడి అధ్యాయం మాత్రం నాకు సాగలేదు. ఆ కాలపు పండితుల మీద వెక్కిరింత. ఆ పండితులెవరో తెలియకపోతే పప్పులో ఉప్పు లేనట్టే ఉంటుంది. నేను పేజీలు తిప్పేశాను, నాకేం నష్టం కలగలేదు.

తోకాడించేవాడు:

ఇంతమంది ఇన్ని రాశారు, కుక్క ఊసే లేదు!

మొదటి పేజీలో రాని కుక్క తర్వాత వస్తుంది. ఎవరో వదిలేసిన కుక్కపిల్లని ఔగుస్తో తెచ్చి పెంచుకుంటాడు, ఓర్ఫేయో అని పేరు. మనసులో మాటలన్నీ దానికే చెబుతాడు. అది బదులు చెప్పదు కాబట్టి అతనికి అంతకంటే మంచి శ్రోత దొరకడు. అసలు కథ అయిపోయాక చివర ఓర్ఫేయో చరమోపన్యాసం ఉంటుంది, అక్కడ పుస్తకం మూసెయ్యకండి. మనిషికి మాట వచ్చింది, దాంతో లేనిదాన్ని కల్పించుకుని ఉన్నదాన్ని చూడటం మానేశాడు అంటుంది. మూడొందల పేజీలు మాటలే మాటలుగా రాసిన రచయిత ఆ సంగతి కుక్క చేత అనిపించాడు. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు.

సగంపేజీ:

అయిపోయింది. మొన్న రాత్రి 31 మొదలుపెట్టి, తెల్లారేదాకా పడుకోలేదు.

గొడుగుగారూ, మీ పట్టిక ఎందుకు చిరిగిందో తెలిసింది. ఔగుస్తో రైలెక్కి సాలమాంకా వెళ్ళి ఉనామునో పుస్తకాల గదిలో కూర్చుంటాడు. అక్కడ ఉనామునో తైలవర్ణ చిత్రం ఒకటి పుస్తకాల మీద పెత్తనం చేస్తూ వేలాడుతుంటుంది. ఎదురుగా మనిషి, గోడ మీద బొమ్మ, నా చేతిలో పుస్తకం. ముగ్గురు ఉనామునోలలో ఎవరు అసలు అని అడగబోయి, అడగడమే మానేశాను. ఆత్మహత్య చేసుకుంటానని వచ్చినవాడితో ఈయన, నువ్వు బతికుంటే కదా చావడానికి అంటాడు. అతను కాస్తా ఎదురుతిరిగి, సెర్వాంతెస్ నవల్లోని దోన్ కిహోతే, సాంచోలు ఆ సెర్వాంతెస్ కంటే నిజమని మీరే అన్నారుగా అని గుర్తుచేస్తాడు. వాదనలో ఓడిపోతున్న ఉనామునోకి కోపమొచ్చి, అయితే నేనే నిన్ను చంపుతాను అంటాడు! అప్పుడు చావాలనుకున్నవాడే బతకాలని కాళ్ళావేళ్ళా పడతాడు. కుదరదని తేలాక, మీరూ చస్తారు, నా కథ చదివేవాళ్ళంతా చస్తారు అంటాడు. అంటే నేను. రాత్రి రెండింటికి ఆ వాక్యం నా మీదకి చూసింది. అతన్ని పంపించేశాక ఉనామునో ఓ కన్నీటిచుక్క తుడుచుకుంటాడు. చంపేవాడికి ఏడుపెందుకో!

కానీ నాకు మనసులో నిలిచిపోయింది అది కూడా కాదు. ఇంటికొచ్చాక భోజనం. ‘తింటున్నాను కాబట్టి ఉన్నాను’ అంటూ ఏది తెస్తే అది తింటూనే ఉంటాడు, ఉన్నానని రుజువు చేసుకోవడానికి. నవ్వుతూ చదివాను, చదువుతూ గొంతు పట్టేసింది. ఇస్త్రీపెట్టెగారూ, మీ మాట గుర్తుంది, రొసారియోకి ఆ ఒక్క పూట కూడా రాయలేదు ఈయన.

నిన్న గోతి ముందుమాట మళ్ళీ చదివాను. గీతలన్నీ రబ్బరుతో చెరిపేశాక. మొదటిసారి దాన్ని పరిచయం అనుకున్నాను కదా, అది స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు రాసింది. అందుకే ఔగుస్తో తన ఇష్టంతోనే పోయాడని అంత పట్టుబడుతున్నాడు. ఉనామునోయేమో చంపింది నేనే అంటాడు. డాక్టరు గుండె అంటాడు, నౌకరు దొమింగో ఆ భోజనమే అంటాడు. దొమింగో పెళ్ళాం లిదువీనా మాత్రం ఇది ఆత్మహత్యే, మా అయ్య అనుకున్నది చేశాడు అంటుంది. వడ్డించింది ఆవిడే కాబట్టి నేను ఆవిడ పక్షం.