మూసిన గదిలో చేపల ట్యాంక్ పీహెచ్ పడిపోతుందా?

కొత్తతొట్టి: వారం రోజులుగా రాసి పెట్టుకుంటున్నాను. రాత్రి తలుపులు, కిటికీలు మూసి నలుగురం ట్యాంక్ ఉన్న గదిలోనే పడుకుంటాం. సాయంత్రం 8.2 ఉన్న పీహెచ్ తెల్లారేసరికి 7.8 అవుతోంది. కేహెచ్ (పీహెచ్‌ను పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్‌ల మోతాదు) మాత్రం 4 దగ్గరే ఉంది. మొక్కల్లేవు, చేపలే. గది గాలి వల్ల ఇలా అవుతుందా?

గాలిబుడగ: అవుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం చుట్టూ ఉంటుంది, మూసిన గదిలో నలుగురు నిద్రపోతే తెల్లారేసరికి 1000 దాటడం మామూలే. గాలిలో రెట్టింపైతే నీళ్లలో కరిగి ఆమ్లమయ్యేదీ రెట్టింపు వైపు వెళ్తుంది. కేహెచ్ మారకుండా అలా రెట్టింపైన ప్రతిసారీ పీహెచ్ సుమారు 0.3 తగ్గుతుంది. 420 నుంచి 1000 అంటే రెట్టింపు కంటే ఎక్కువే, కాబట్టి మీ 0.4 సరిపోతోంది.

నల్లరాయి: పదేళ్లుగా పెంచుతున్నాను, గది గాలితో ఏమీ కాదు. పెద్ద ఎయిర్ స్టోన్ (పంప్ గాలిని నీళ్లలోకి బుడగలుగా వదిలే రాయి) పెట్టండి, నీళ్లలో ఉన్నదంతా బయటికి పోతుంది.

గాలిబుడగ: పోదండి. పంప్ లాగేది ఆ గది గాలినే కదా! బుడగలు ఎంత పెంచితే నీళ్లు అంత త్వరగా గది గాలితో సమానమవుతాయి, అంతే.

పాచిరంగు: మీటర్ క్యాలిబ్రేట్ చేశారా, అంటే పీహెచ్ తెలిసిన ద్రావణాలతో సరిచూశారా?

కొత్తతొట్టి: మొన్ననే, 7, 10 ద్రావణాలతో.

పాచిరంగు: 7, 4తో చేయాలి. ముందు అది సరిచేసుకుని రండి.

గాలిబుడగ: ఆయన కొలిచేది 7కి పైన. 10 వాడటమే సరైనది.

పాచిరంగు: నా మీటర్‌తో 4 ఇచ్చారు మరి.

నల్లరాయి: ఇంత చర్చ ఎందుకు, చిటికెడు వంట సోడా వేస్తే సరిపోతుంది.

తెల్లరెక్క: దయచేసి ఆ మాట అనకండి. పోయినేడాది మీరు చెప్పారనే వేశాను. నీళ్లు చాలా రోజులు మార్చని ట్యాంక్, పీహెచ్ 6.2. సోడాతో ఒక్కసారిగా పెరిగేసరికి, అప్పటిదాకా అమ్మోనియంగా ఉండి పెద్దగా హాని చేయనిది అమ్మోనియాగా మారింది. మర్నాటికి తొమ్మిది నియాన్ టెట్రాలు పోయాయి. అమ్మోనియా ఎంత, కేహెచ్ ఎంత అని మీరు ఒక్క మాట అడగలేదు.

నల్లరాయి: నేను చిటికెడు అన్నాను, మీరు చెంచాడు వేశారు!

తెల్లరెక్క: చెంచా సంగతి కాదండీ. మీరు అంకెను చూసి మందు చెబుతారు, చేపను చూడరు.

నల్లరాయి: చూడకేం? నా మొదటి ట్యాంక్‌లో పీహెచ్ తగ్గుతూ తగ్గుతూ 6 కిందికి పోయింది, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా పని ఆపేసింది, ఒక్క చేప మిగల్లేదు. అప్పటి నుంచి పీహెచ్ తగ్గిందంటేనే నాకు టెన్షన్. ఊరికే చూస్తూ కూర్చోమంటారా?

గాలిబుడగ: అది చాలా బాధాకరం, నిజంగా. కానీ అక్కడ అయిపోయింది కేహెచ్. బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తూ దాన్ని తినేస్తుంది. అప్పుడు సోడా కాస్త కాస్తగా వేయడంలో అర్థం ఉంది. ఇక్కడ కేహెచ్ 4 అలాగే ఉంది, పొద్దున కిటికీ తీస్తే పీహెచ్ తిరిగి పైకి వస్తోంది. సోడా వేస్తే కేహెచ్ పెరిగిపోతుంది, రాత్రి తగ్గడం మాత్రం ఆగదు. కొత్తతొట్టి గారూ, రెండు గ్లాసుల్లో ట్యాంక్ నీళ్లు తీసి, ఒకటి గదిలో, ఒకటి ఆరుబయట, రెండింటిలోనూ ఎయిర్ స్టోన్ పెట్టి రాత్రంతా ఉంచండి.

కొత్తతొట్టి: చేశాను. గదిలోది 7.8, బయటిది 8.3. చేపలు మామూలుగానే తింటున్నాయి. ఇక కిటికీ కాస్త తెరిచే పడుకుంటాం, సోడా వేయను.

నల్లరాయి: ఒక్క రాత్రితో తేలదు. ఇంకో మూడు రాత్రులు చేసి, కేహెచ్ కూడా కొలిచి పెట్టండి. అప్పుడు ఒప్పుకుంటాను.

పాచిరంగు: 4తో కూడా ఒకసారి చూడండి.