బోరు మోటారు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు. వారంటీ వర్తించదంటున్నారు

నరసన్నపేట రైతు:
శ్రీకాకుళంలో సబ్‌మెర్సిబుల్ మోటారు కొని పది రోజులైంది. బోరులో నీళ్లు 150 అడుగుల లోతున ఉన్నాయని చెప్తే షాపాయనే ఇది తీసి ఇచ్చారు. దించాక మోటారు తిరుగుతోంది గానీ చుక్క నీరు రాలేదు. ప్లేటు మీద హెడ్ 40 మీటర్లని ఉంది. వైండింగ్ కాలితేనే వారంటీ అంటున్నారు. బిల్లు వెనక 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చేశారు. దారేమైనా ఉందా?

జవాబు 1:
హెడ్ అంటే మోటారు నీటిని గరిష్ఠంగా ఎత్తగలిగే ఎత్తు. 40 మీటర్లంటే 131 అడుగులు, మీ నీళ్లు 150లో ఉన్నాయి. మోటారు బాగానే ఉంది, మీ బోరుకి సరిపోదంతే. వారంటీ కార్డు మీద ఉన్నది కంపెనీ రాసిచ్చిన హామీ. రాయకపోయినా ఉండే హామీ వేరే ఉంది: 1930 నాటి వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 16(1). అవసరం చెప్పి, అమ్మేవాడి తెలివి మీద ఆధారపడి, అతను రోజూ అమ్మే సరుకే కొంటే అది ఆ పనికి పనికొచ్చి తీరాలి. ఆ బాధ్యత షాపుదే. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ ఇమ్మని మీరే అడిగుంటే మాత్రం ఇది నిలవదు. అవతలి లాయరు ముందు పట్టుకునేది దాన్నే.

జవాబు 2:
మోటారు వద్దని ఈరోజే రాతలో చెప్పండి. సెక్షన్ 16 కింద సరుకు వద్దని తిప్పి ఇచ్చేయొచ్చు, కానీ చెప్పకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అప్పుడిక నష్టపరిహారమే అడగగలరు. ఫోన్లో చెప్తే రుజువుండదు. వాట్సాప్‌లో పెట్టి, రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపండి. 150 అడుగులని ముందే చెప్పిన సంగతి అందులో తప్పక రాయండి.

బిల్లు, ప్లేటు ఫొటోలు తీయండి. తాడుకి బరువు కట్టి బోరులోకి వదిలి, పైకి లాగి, బోరు పైఅంచు నుంచి తడి మొదలైన చోటు వరకు కొలుస్తూ వీడియో తీయండి. మోటారు నడుస్తుండగా ప్యానెల్ మీద వోల్టేజీ ఎంతుందో కూడా వీడియోలో కనిపించాలి, లేకపోతే తప్పు లో వోల్టేజీదంటారు. ఊళ్లో మెకానిక్ చేత మాత్రం విప్పించొద్దు. విప్పితే మీరే పాడుచేశారంటారు.

నరసన్నపేట రైతు:
బిల్లు వెనక మాట సంగతి? పొలానికి కొన్నది కదా, వినియోగదారుడి కింద వస్తానా?

జవాబు 3:
ఆ అచ్చుకి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమంటే పగిలిందీ కాలిందీ మాత్రమే కాదు, రాయని హామీకి తగ్గట్టు లేకపోయినా లోపమే. బతుకుతెరువుకి చేసే సాగు వాణిజ్యం కిందకి రాదు. విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో చెప్పింది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కదలకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.