పెద్ద బైనాక్యులర్స్‌కి ఎలాంటి ట్రైపాడ్ నిలుస్తుంది? వాడినవాళ్లు చెప్పండి

చుక్కలవేట:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ 10×50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.) చేత్తో పట్టుకుని ఆకాశం చూసేవాణ్ణి. ఈమధ్య 20×80 చేతికొచ్చింది. కెమెరా ట్రైపాడ్ మీద బిగిస్తే చుక్కలు ఒక్కచోట నిలవడం లేదు. ఫోకస్ తిప్పినా, కాస్త గాలి వీచినా గీతల్లా సాగిపోతున్నాయి. నడినెత్తిన ఉన్నవాటిని చూడాలంటే ట్రైపాడ్ కిందికి దూరి మెడ విరుచుకోవాల్సి వస్తోంది. ట్రైపాడ్ మారిస్తే సరిపోతుందా, ఇంకేమైనా చూసుకోవాలా?

తేలుకొండి:
ముందు అసలు వణుకు ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. ప్రకాశవంతమైన చుక్కను మధ్యలోకి తెచ్చి, గొట్టం మీద వేలితో మెల్లగా తట్టి, ఎన్ని సెకన్లకి నిలుస్తుందో లెక్కపెట్టండి. ఒకటి రెండు సెకన్లలో నిలిస్తే ఆ ట్రైపాడ్‌తో హాయిగా గడిచిపోతుంది. ఐదు దాటితే చూసేవాడికి ఓపిక ఉండదు.

నేను చూసినంతలో దోషం చాలాసార్లు కాళ్లది కాదు, మధ్యలో పెట్టే ఎల్ ఆకారపు పట్టీది. 10×50తో సరిపోయే ప్లాస్టిక్ పట్టీ 20×80 బరువుకి స్ప్రింగులా ఊగుతుంది. మీ దాంట్లో రెండు గొట్టాల మధ్య లోహపు కడ్డీ, దాని మీద జరిగే దిమ్మ ఉంటే ట్రైపాడ్‌ని నేరుగా ఆ దిమ్మకే బిగించండి. లేకపోతే మందపాటి లోహపు పట్టీ వాడండి.

కాళ్ల సంగతికొస్తే, ఆఖరి సన్నటి భాగాన్ని బయటికి లాగకండి. సెంటర్ కాలమ్ (కాళ్ల నడుమ పైకి లేచే కడ్డీ) పైకి లేపకండి. దాన్ని లేపితే మూడు కాళ్ల ట్రైపాడ్ ఒంటికాలి కర్ర అయిపోతుంది. ఎత్తు చాలకపోతే కుర్చీలో కూర్చుని చూడండి, కూర్చుంటే కన్ను కూడా స్థిరంగా ఉంటుంది. ట్రైపాడ్ మీద రాసి ఉండే బరువు కెమెరాని దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది. పొడవాటి 20×80 రెండు కిలోలు దాటుతుంది కాబట్టి దానికి కనీసం రెట్టింపు మోసేది చూసుకోమంటాను.

కృత్తికాప్రియ:
ట్రైపాడ్ తలకాయగా బాల్ హెడ్ (గుండు మీద అన్ని వైపులా తిరిగేది) మాత్రం వద్దు. మర వదులు చేయగానే బైనాక్యులర్స్ ముక్కు కిందికి వాలిపోతుంది. వీడియోవాళ్లు వాడే ఫ్లూయిడ్ హెడ్ పెట్టండి, చుక్క వెంట మెత్తగా జరుగుతుంది.

చీకటిరేయి:
మెడనొప్పికి ఎంత గట్టి ట్రైపాడైనా మందు కాదు. నేరుగా చూసే బైనాక్యులర్స్‌ని మామూలు ట్రైపాడ్ మీద పెడితే, సుమారు 60 డిగ్రీల ఎత్తు దాటాక కాళ్లు మనకే అడ్డం వస్తాయి. అందుకే నేను పారలెలోగ్రామ్ మౌంట్‌కి మారాను. సమాంతరంగా ఉండే రెండు కడ్డీలు, ఒక చివర బైనాక్యులర్స్, రెండో చివర సరితూకానికి బరువు. ట్రైపాడ్ పక్కన ఉండిపోతుంది, మనం పడక కుర్చీలో వాలి చూడొచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటుంది. కడ్డీని పైకీ కిందికీ జరిపినా గురి తప్పదు. నేను నిలబడి ఆండ్రోమెడా గెలాక్సీని పట్టి, కిందికి దించి పదేళ్ల పిల్లకి చూపిస్తే అది అక్కడే ఉంటుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్నదాన్ని ప్రతి మనిషికీ మళ్లీ వెతికి పెట్టే పని లేదు. పిల్లలతో చూసేవాళ్లకి ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు. కాకపోతే బరువులతో కలిపి మోత పెరుగుతుంది, కింద ట్రైపాడ్ ఇంకా బలంగా ఉండాలి.

వెన్నెలొద్దు:
ఐపీస్‌లు (కన్ను ఆనించి చూసే అద్దాలు) 45 లేదా 90 డిగ్రీలు వంగి ఉండే రకాలూ ఉన్నాయి. నడినెత్తిన చూడటానికి తల వంచితే చాలు. బరువెక్కువే గానీ 100 మి.మీ. వాటికి అదే సుఖం.

హస్తా:
నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతాను. 20×80 బదులు నేరుగా 25×100కి వెళ్తే?

తేలుకొండి:
హస్తా గారూ, 80ని 20తో, 100ని 25తో భాగించండి. రెండిట్లోనూ కంటికి వచ్చే కాంతి వలయం 4 మి.మీ.యే. అంటే ఆకాశపు నేపథ్యం ఒకే వెలుగులో ఉంటుంది. 100 మి.మీ.లో ఇంకా మసక చుక్కలు అందుతాయి, చుక్కల గుంపుల్లో చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. కానీ బరువు నాలుగు కిలోలు దాటుతుంది, కనబడే మేర తగ్గుతుంది. ఒక్కరే మోసుకెళ్లి ఒక్కరే బిగించుకునేవాళ్లకి నేను 20×80 దగ్గరే ఆగమంటాను. 15×70 ఇంకా తేలిక.

కృత్తికాప్రియ:
చుక్కలవేట గారూ, ట్రైపాడ్ నిలిచాక కూడా కళ్లు లాగుతున్నా, తలనొప్పి వస్తున్నా రెండు గొట్టాల గురి కలిసిందో లేదో చూడండి. ఒక చుక్కని రెండు వైపులా పదునుగా ఫోకస్ చేసి, కుడి ఐపీస్ ఫోకస్‌ని మాత్రం బాగా చెదరగొట్టండి. కుడి కంట్లో చుక్క పెద్ద వెలుగు బిళ్లలా పరుచుకుంటుంది. ఎడమ కంటి చుక్క ఆ బిళ్ల నడుమ ఉండాలి. పైకో కిందికో జరిగి ఉంటే కళ్లు దాన్ని భరించలేవు. లోపలి ప్రిజం (కాంతిని మళ్లించే గాజు దిమ్మ) మరలు తిప్పి సరిచేయొచ్చు గానీ అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లకి ఇవ్వడమే మంచిది.

చీకటిరేయి:
ఓపిగ్గా అమర్చుకుంటే ఈ సాధనం ఎంత పనికొస్తుందో చెప్పకుండా ఉండలేను. 1996 జనవరి చివర్లో యుజి హ్యకుతకే తన పేరుతో ప్రసిద్ధమైన తోకచుక్కని 25×150 బైనాక్యులర్స్‌తోనే కనిపెట్టారు. 1983లో జార్జ్ ఆల్కాక్ అయితే ఇంట్లోంచి, మూసి ఉన్న కిటికీ అద్దం గుండా 15×80తో ఒక తోకచుక్కని పట్టారు. ఇద్దరూ ఔత్సాహికులే.

వెన్నెలొద్దు:
బైనాక్యులర్స్ ముందువైపు అద్దాలకి మంచు పట్టకుండా నల్ల కాగితంతో గొట్టంలా చుట్టి తొడగండి. పగలు సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, కన్ను పోతుంది.

చుక్కలవేట:
అందరికీ చాలా థాంక్స్. తట్టి చూశాను, ఊగేది ఎల్ పట్టీయే. దాన్ని తీసేసి కడ్డీ మీది దిమ్మకే బిగించాను. కాళ్లు పొట్టిగా పెట్టి కూర్చుని చూస్తే రెండు సెకన్లలోపే నిలుస్తోంది. కృత్తికలు మొత్తం ఒకేసారి పట్టాయి, ఆ నీలి తెలుపు చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి! వృశ్చికంలో ఎం6, ఎం7 అనే చుక్కల గుంపులు రెండూ కలిపి చూడొచ్చా?

తేలుకొండి:
20×80లో కలిపి పట్టవు. రెండిటి మధ్య దాదాపు 4 డిగ్రీల దూరం, మీకు కనబడేది 3 డిగ్రీల పైచిలుకు. తేలు కొండికి తూర్పుగా ఎం7ని పట్టుకుని, వాయవ్యానికి మెల్లగా జరిపితే ఎం6 వస్తుంది. రెండూ పక్కపక్కనే కావాలంటే పాత 10×50 ఉందిగా, మెడలో వేసుకునే వెళ్లండి.