‘భూమి పుట్టించుగాక’: ఇక్కడ కర్త ఎవరు?

సిమ్యులేషన్‌కి తెలుగులో ‘అనుకరణ’ అనాలా, ‘సృష్టి’ అనేస్తే సరిపోదా అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. చర్చ ఎటెటో తిరిగి, ఆదికాండమూ (బైబిల్ మొదటి పుస్తకం) డార్వినూ సిమ్యులేషన్ వాదమూ (మన ప్రపంచం ఎవరో కంప్యూటర్లో నడిపిస్తున్నదే అనే వాదం) ఒకే సంగతిని మూడు రకాలుగా చెబుతున్నాయి అన్నదాకా వచ్చింది. అంత మాట అనే ధైర్యం నాకు లేదు. క్రియాపదాలు పట్టుకుని కాసేపు చూద్దాం.

తెలుగు బైబిల్లో మొదటి వచనం ‘సృజించెను’. హీబ్రూలో ‘బారా’. ఆ అర్థంలో దానికి కర్త ఎప్పుడూ దేవుడే, మనిషికి వాడరు. మన ‘సృజ్’ ధాతువు దారి వేరు: వదలడం, వెలువరించడం. సృష్టి, విసర్జన, విసర్గ ఒక తల్లి పిల్లలే. ముండకోపనిషత్తులో సాలీడు దారాన్ని ‘సృజతే’, అంటే తనలోంచే తీస్తుంది. ‘బారా’లో ఈ సాలీడు లేదు. అనువాదంలో వచ్చి చేరింది.

అసలు విశేషం 24, 25 వచనాల్లో ఉంది. 24లో జంతువులను ‘భూమి పుట్టించుగాక’ అని దేవుడు పలికాడు. కర్త భూమి. వెంటనే 25లో అవే జంతువులను దేవుడు ‘చేసెను’. పని ఒకటే, కర్తలు ఇద్దరు. రాసినవాడికి ఇందులో వైరుధ్యమే కనిపించలేదు. పరిణామాన్నీ దేవుణ్నీ కలిపి నమ్మేవాళ్లకి నాకు తెలిసి ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకోటి లేదు. ‘దినము’ అంటే ఎన్ని కోట్ల ఏళ్లు అని లాగడం కన్నా ఇది నయం. (సూర్యుడు కనిపించేదే నాలుగో రోజున. రెండో అధ్యాయం 4వ వచనంలోనైతే మొత్తం పని అంతా కలిపి ‘చేసిన దినమందు’. ఆ లెక్క అక్కడితో వదిలేద్దాం.)

ఇక సిమ్యులేషన్. ‘వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను’ అన్నది చూడగానే ప్రోగ్రామర్లకి ప్రాణం లేచొస్తుంది: ఆజ్ఞ, వెంటనే ఫలితం. కానీ ఈ వాదం మీద 2003లో నిక్ బోస్ట్రామ్ అనే తత్వవేత్త రాసిన వ్యాసం చూడండి. అందులో సిమ్యులేషన్ నడిపేవాళ్లు బాగా ముదిరిన నాగరికతవాళ్లు, నడిపేది తమ పూర్వీకుల బతుకును. అంటే వాళ్లూ ఎక్కడో ఒక పరిణామక్రమంలో పుట్టి పెరిగినవాళ్లే. అక్కడ పరిణామం ముందు, కర్త తర్వాత. ఆదికాండంలో కర్త ముందు. రెంటినీ ఒక్కటి చేయాలంటే ఆ ‘ఆదియందు’ అన్న మొదటి మాటనే కొట్టేయాలి.

జవాబు: బాగుంది గానీ, ఆ 24వ వచనంలోనే ఉన్న ‘వాటి వాటి జాతి ప్రకారము’ అన్నది మింగేశారే? ఒక జాతి ఇంకో జాతిగా మారదనేవాళ్లు చూపించేది అదే కదండీ.

మింగలేదండీ, మరిచిపోయాను. హీబ్రూ మాట ‘మీన్’, ‘రకం’ లాంటిది. జీవశాస్త్రంలో మనం ‘జాతి’కి ఇచ్చిన లెక్క చాలా తర్వాతిది. ఆ మాట చెట్లూ పశువులూ రకరకాలుగా ఉన్నాయంటుంది. రకాలు మారతాయా మారవా అన్న ప్రశ్న దానికి లేదు. పదాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి: డార్విన్ 1859 పుస్తకం తొలి ముద్రణలో ‘ఎవల్యూషన్’ అన్న మాటే లేదు. చిట్టచివరి పదం మాత్రం ‘ఎవాల్వ్‌డ్’. మనం ‘పరిణామం’ అనుకున్నాం, అదే మాటతో ‘పరిణామాలు తీవ్రంగా ఉంటాయి’ అని బెదిరిస్తూ కూడా ఉంటాం.

జవాబు: ఆదాముకి బొడ్డు ఉందా అన్న పాత గొడవ కూడా ఇదేగా?

భలే గుర్తు చేశారు. డార్విన్ కన్నా రెండేళ్ల ముందు, 1857లో, ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు సరిగ్గా ఆ బొడ్డు మీదే పుస్తకం రాశాడు. గ్రీకులో బొడ్డుని ‘ఓంఫలోస్’ అంటారు, పుస్తకం పేరూ అదే. తల్లి కడుపున పుట్టకపోయినా ఆదాముకి బొడ్డు ఉన్నట్టే, భూమిని కూడా దేవుడు గతం ఉన్నట్టుగా, రాళ్లలో శిలాజాలతో సహా చేశాడంటాడు. ఆటని మధ్య నుంచి లోడ్ చేసినట్టన్నమాట. సిమ్యులేషన్ వాదానికి నిజమైన తాత ఈయనే అని నా అభిప్రాయం. పాపం, ఆ వాదం అటు భక్తులకీ నచ్చలేదు, ఇటు శాస్త్రజ్ఞులకీ నచ్చలేదు.

జవాబు: ఇంతకీ తెలుగు మాట ఏది? ‘మాయ’ అంటే పోదూ?

‘మాయ’లో మోసం ఛాయ ఉంది, నేను వాడను. ‘అనుకరణ’ తుఫాను కదలికల్ని కంప్యూటర్లో నడిపి చూడడానికి సరిపోతుంది, బయట అసలు తుఫాను ఉంది కాబట్టి. మొత్తం ప్రపంచమే అనుకరణ అంటే, అసలు ఏదో చెప్పాలి. లాటిన్‌లో ‘సిమ్యులేషన్’కి మూలమైన ‘సిమిలిస్’ అర్థం ‘పోలిన’. ఆదికాండం మొదటి అధ్యాయంలో పోలిక మాట నాకు కనిపించింది ఒక్కచోటే, 26వ వచనం: ‘మన పోలికె చొప్పున నరులను చేయుదము’. వెలుగుకీ నీళ్లకీ చేపలకీ ఆ మాట వాడలేదు. అందుకని ప్రస్తుతానికి నేను సిమ్యులేషన్‌ని సిమ్యులేషన్ అనే రాస్తున్నాను. ‘పోలిక’ నుంచి ఎవరైనా మంచి మాట కడితే మార్చుకుంటా.