ఆర్‌ఎఫ్‌పీ (మనకేం కావాలో రాసి, అమ్మే కంపెనీలను ప్రపోజల్స్ అడిగే పత్రం) పెట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్త_కొనుగోళ్లు: మా కంపెనీలో 120 మందిమి. అకౌంట్స్, స్టాకు, జీతాలు అన్నీ ఒకే ఈఆర్‌పీలోకి, అంటే కంపెనీ పనులన్నీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి, తేవాలంటున్నారు పైవాళ్లు. ఆర్‌ఎఫ్‌పీ రాసే పని నా నెత్తిన పడింది. డిపార్ట్‌మెంట్లను అడిగితే కావాల్సినవి 340 లైన్లు తేలాయి. అన్నీ పంపాలా?

స్టోర్స్_మనిషి: వద్దండీ బాబూ. మేం 400 పైచిలుకు ప్రశ్నలతో ఎక్సెల్ షీటు పంపాం. ఐదుగురు వెండర్లలో (అమ్మేవాళ్లలో) నలుగురు దాదాపు అన్నిటికీ ‘ఉంది’ అని కొట్టేశారు. ఇక పోల్చడానికేముంది? ఆ ‘ఉంది’లో సగానికి ‘డబ్బులిస్తే రాసిస్తాం’ అని అర్థమట, సంతకాలయ్యాక తెలిసింది. మీరు నాలుగు రకాల జవాబులు పెట్టండి: ఇప్పుడే ఉంది, సెట్టింగ్స్ మారిస్తే వస్తుంది, కోడ్ రాయాలి, లేదు. కోడ్ రాయాలన్నచోట ఖర్చు కూడా అక్కడే రాయించండి.

పాత_ఐటీ: కాగితం మీద అందరూ హీరోలే. తేడా డెమోలో బయటపడుతుంది, అదీ డెమో వాళ్లది కాకుండా మీదైతేనే. మేం ముందే ఒక కేసు రాసిచ్చాం: 100 పెట్టెలు ఆర్డరిచ్చాం, 60 వచ్చాయి, అందులో 4 పాడైనవి, బిల్లు మాత్రం 100కి వచ్చింది. ఇది మా ఎదురుగా ఎక్కించి చూపించమన్నాం. ఒకాయన మూడు స్క్రీన్లు తిప్పి, ‘ఒక్క నిమిషం సార్’ అంటూ ఫోన్ పట్టుకుని బయటికెళ్లాడు. ఆయన ప్రపోజల్‌కే కాగితం మీద అందరికన్నా ఎక్కువ మార్కులు!

లెక్కల_పిచ్చి: దేనికి ఎన్ని మార్కులో ప్రపోజల్స్ తెరవకముందే రాసి, కమిటీ అందరి సంతకాలూ తీసుకోండి. మా దగ్గర ధరలు చూశాక ఒక పెద్దమనిషి ‘ధరకు 30 చాలదు, 50 చేద్దాం’ అన్నారు. ఎవరికోసమో అందరికీ తెలుసు, నోరు మెదిపినవాళ్లు లేరు. ధరంటే మొదటి ఏడాది లైసెన్సు ఒక్కటే కాదు. ఐదేళ్ల లైసెన్సు, పాత డేటా ఎక్కించడం, ట్రైనింగ్, సపోర్టు కలిపి చూడండి. ఆ మొత్తంలో అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లకు 30 ఇస్తే, దానికి రెట్టింపు వచ్చినవాళ్లకు 15.

చిన్న_ఆఫీసు: ఇంత తంతు ఎందుకండీ? మేం 12 మందిమి. రెండు సాఫ్ట్‌వేర్లు నెలరోజులు ట్రయల్‌లో వాడి ఒకటి తీసుకున్నాం. ప్రపోజల్ రాయడం వెండర్లకూ ఖర్చే, చిన్న ఆర్డరుకు మంచివాళ్లు పలకరు.

పాత_ఐటీ: 12 మందికైతే మీరు చేసిందే కరెక్టు. జీతాలు, స్టాకు కలిసినచోట ట్రయల్‌తో తేలదు. ఇంకోటి, రేపు వదిలేయాల్సి వస్తే మన డేటా ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ఆర్‌ఎఫ్‌పీలోనే అడగండి. కొన్నాక అడిగితే మన మాట వినరు.

కొత్త_కొనుగోళ్లు: అందరికీ థాంక్స్. 340ని 70కి దించాను. అకౌంట్స్‌వాళ్లు ఇంకా అలిగే ఉన్నారు. ఒక సందేహం: ఒక వెండర్ నాకు విడిగా ఫోన్ చేసి మా పాత డేటా ఎంతుందని అడిగాడు. చెప్పేశాను. తప్పా?

లెక్కల_పిచ్చి: చెప్పినందుకు కాదు, ఒక్కరికే చెప్పినందుకు తప్పు. అడిగిందెవరో రాయకుండా ఆ ప్రశ్నా జవాబూ మిగతావాళ్లందరికీ ఈరోజే మెయిల్ చేయండి. ఇకనుంచి ఫోన్లు వద్దు, ప్రశ్నలు ఫలానా తేదీలోపు మెయిల్‌లోనే అనండి.

కొత్త_కొనుగోళ్లు: పంపేశాను. పాత_ఐటీ గారూ, ఆ 4 పాడైన పెట్టెల కేసు మా డెమోలోనూ పెడుతున్నా.